తంగేడు నీళ్లు

"ఈ చాయ్‌ల ఏం కలిపినవ్ సుభా? నాలిక పట్టుకపోతాంది!"

శోభారాణి గ్లాసును వంటగట్టు మీద టక్కున పెట్టింది. ఆవిడ ఆ ఇంటికి పెద్ద కోడలు. పొద్దున మొదటి చాయ్ ఆవిడకు నచ్చితే మధ్యాహ్నం దాకా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

"ఏం కలపలే అక్కా. చాయ్‌పత్తి, చక్కెర, అల్లం. రోజూ ఏసేదే," అంది చిన్న కోడలు సుభాషిణి.

"మరి గీ వగరేంది? ఏమండీ, మీకు వగరు కొడ్తలేదా?"

"నాకు వేడి కొడ్తాంది," అన్నాడు సారంగపాణి పేపరు దించకుండానే.

శోభారాణి చాయ్ జాలీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. దాని కంతల్లో నల్లబడిన ఆకు తునక ఒకటి ఇరుక్కుని ఉంది. దొంగను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినట్టు దాన్ని తెచ్చి సుభాషిణి ముక్కు కింద పెట్టింది.

"ఇగో! మల్ల దీంట్ల ఆకులు వడగట్టినవ్. మేం చాయ్ తాగాల్నా, ఇనుముకు పోసే కషాయం తాగాల్నా?"

"నేను జాలీ ముట్టలే. నేను వడగట్టేది పాత పంచెల."

"అయితె జాలీయే లేచిపొయ్యి ఆకులల్ల దునికిందా?"

స్నానాల గదిలోంచి తువ్వాలు కట్టుకుని వచ్చిన సుభాషిణి భర్త రమాకాంత్ తల తుడుచుకుంటూ, "నేనే వదినె. పంచె ఆరలేదని దాంట్ల వంపిన. కడిగే పెట్టిన గద," అన్నాడు.

"నువ్వు కడిగినవా! ఇంకేం," అని దేవుడి గదిలోంచి అత్తగారు నవ్వింది. అంతటితో తగాదా చప్పబడింది. సాయంత్రం కొత్త జాలీ తెప్పించారు. కానీ నీ తప్పు లేదని సుభాషిణితో ఎవరూ అనలేదు. అలాంటివి ఆమె కంట పడకుండా పోవు. నోటికి మాత్రం రావు.

ఆ ఆకు తంగేడు. అది వంటింటి దాకా రావడానికి కారణం రమాకాంత్ చేతులు.

ఆ కుటుంబానికి ఎనుమాముల మిర్చి మార్కెట్టుకు పోయే దారిలో బీరువాలు తయారుచేసే షెడ్డు ఉంది. మిర్చి రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే అందులో వాళ్లు తుమ్ముతూనే పని చేస్తారు. చౌరస్తా దగ్గరి దుకాణంలో కూర్చుని బేరాలు చేసేది పెద్దవాడు సారంగపాణి. షెడ్డు చూసేది తమ్ముడు రమాకాంత్. చూసేదంటే కుర్చీ వేసుకుని చూడటం కాదు. ఇనుప రేకును యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు వదిలించడం, మంచినీళ్లలో కడగడం, చివరికి ఇంకో తొట్టిలో ముంచి తీసి ఆరబెట్టడం అతని పనే. ఆ తరువాత రంగు కొట్టేది యాదగిరి.

చివరి తొట్టిలోనే ఉంది సంగతంతా. యాసిడ్‌లో కడిగిన రేకు తోలు ఒలిచిన ఒళ్లు లాంటిది. వానాకాలం తేమకు, రంగు పడేలోపే మళ్లీ ఎర్రటి పొర లేస్తుంది. అది లేవకుండా చివరి తొట్టి నీళ్లలో నారింజ రంగు మందొకటి కలిపేవారు. షెడ్డులో దాన్ని ఎర్రమందు అంటారు. సుభాషిణికి దాని చదువుకున్న పేరు కూడా తెలుసు, డైక్రోమేట్. కాకతీయలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు ఆ సీసాను వట్టి చేత్తో ముట్టనిచ్చేవారు కాదు. పెళ్లయిన కొత్తలో షెడ్డు చూద్దామని వెళితే భర్త మోచేతుల దాకా ఆ నీళ్లలో పెట్టి రేకులు తీస్తున్నాడు. రబ్బరు తొడుగులు తెప్పించింది. రేకు అంచులకు అవి వారం తిరక్కుండా చిరిగేవి. చిరిగిన తొడుగులోకి దూరిన మందు బయటి మందు కంటే ఎక్కువ కరిచేది.

ఏళ్లు గడిచేకొద్దీ అతని వేళ్ల సందుల్లో శనగగింజలు పట్టేంత గుంటలు పడ్డాయి. చారు తగిలితే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. చివరికి చెంచాతో తినడం మొదలుపెట్టాడు. "మా తమ్ముడు దొరసాబ్ అయిండుర్రా," అని సారంగపాణి ఎగతాళి చేస్తే పళ్లేల ముందు అందరూ నవ్వేవారు. రమాకాంత్ కూడా నవ్వేవాడు. వడ్డించే సుభాషిణికి నవ్వు రాలేదు. ఆ తొట్టి ఖాళీ చేసిన నీళ్లు పసుపుపచ్చగా నాలాలో కలవడం, నాలా ఒడ్డున బర్రెలు మేయడం కూడా ఆమె చూసింది. బర్రెల సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టదని తెలుసు కనుక చేతుల సంగతే పట్టుకుంది.

కొన్ని మొక్కల పసరు ఇనుమును పట్టుకుని పలచని పొరలా కాపాడుతుందని ఆమె చదువుకునే రోజుల్లో విన్నది. వగరుండే ఆకుల్లో ఆ గుణం ఎక్కువ. ఒక ఆషాఢంలో డాబా మీద పాత గిన్నెలు వరసగా పెట్టి, వేపాకు, జామాకు, తంగేడు వేర్వేరుగా కాచి, యాసిడ్‌లో కడిగిన రేకు ముక్కలను ముంచి తీసి తడిగాలికి ఆరేసింది. తెల్లారేసరికి మంచినీళ్ల ముక్క ఎర్రబడిపోయింది. వేపాకుది మచ్చలు పడింది. జామాకుది కొంచెం మెరుగు. తంగేడుది మాత్రం నేరేడుపండు రంగుకు తిరిగి శుభ్రంగా నిలబడింది. ఆమె ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. ఆకు ఎక్కువ తక్కువలు చేసి, ముదురాకు లేతాకు మార్చి, ఆ వానాకాలమంతా ముంచుతూనే ఉంది.

"ఆకు నీళ్లకు ఇనుము ఆగుతదా మరదలా?" అన్నాడు సారంగపాణి. "గట్లయితె మనం బీరువాలు బంద్‌వెట్టి ఆయుర్వేదం పెట్టుకుందాం."

"ఒక్క బీరువాకు చూద్దాం బావా. మంచిగ రాకపోతె అది మా గదిల పెట్టుకుంట."

ఆ బీరువా ఆమె గదికి రాలేదు. తరువాతి వానాకాలం దాటినా దాని రంగు చెక్కు చెదరలేదు. నిమ్మళంగా ఎర్రమందు డబ్బా మూల చేరింది. తొర్రూరు దగ్గరి యాదగిరి ఊరి బీళ్లలో తంగేడు కావలసినంత ఉంది. అతని భార్య కట్టమ్మ వారానికోసారి సంచులు నింపి బస్సు మీద వేసుకొచ్చేది.

"పువ్వులైతే బతుకమ్మకు, ఆకులైతే బీరువకు. మా తంగేడుకు ఎన్ని కొలువులొచ్చినయ్ సుభక్కా!" అని నవ్వేది.

రమాకాంత్ వేళ్ల గుంటలు మెల్లగా పూడాయి. ఒకరోజు ఎవరూ చెప్పకుండానే చెంచా పక్కన పెట్టి పప్పన్నం కలుపుకున్నాడు. ఎవరూ గమనించలేదు, తల్లి తప్ప. ఆవిడ కొడుకు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి లేచి వెళ్లింది. మర్నాటి నుంచి ఆకు కాచే బోగాణి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా "వంటిల్లా ఇది, తోళ్లు నానబెట్టే షాపా" అని సణిగిన మనిషే.

"జరుగు బిడ్డా, పొయ్యి ముందల నువ్వెందుకు? కలుపుడే గద, నేను కలుపుత."

"పొంగకుండ చూడండి అత్తమ్మా. సన్న సెగ మీదనే కాగాలె."

"నాకు సెగ నేర్పుతవా? తొక్కులు పెట్టి పెట్టి ఈ చేతులు పండినయ్."

సారంగపాణి దుకాణానికి వచ్చినవాళ్లతో, "విషం మందు లేదు, కంపు లేదు. మా మరదలు ఎమ్మెస్సీ," అని చెప్పుకునేవాడు. ఆ మాట ఎవరో మోసుకొస్తే సుభాషిణి వినీ విననట్టు ఊరుకుంది. లోపల మాత్రం, చదివిన చదువుకు ఇన్నేళ్లకు ఇంట్లో ఒక కుర్చీ వేసినట్టు అనిపించింది.

అట్లా ఉండగా తొర్రూరులో ఆమె తల్లికి కంటి ఆపరేషన్ అయింది. వారం రోజులు పోక తప్పలేదు. హన్మకొండలో ఒక ప్రైవేటు హాస్టలుకు బీరువాలు అందివ్వాల్సిన వారం అది.

"నువ్వు పో బిడ్డా, అమ్మను చూస్కో. కషాయం ఫికర్ పెట్టుకోకు. నేను లేనా?" అంది అత్తగారు.

పోయే ముందు సుభాషిణి అన్నీ చెప్పింది. ఎంత ఆకుకు ఎన్ని నీళ్లు, ఎప్పుడు దించాలి, ఎట్లా వడగట్టాలి. రెండు రోజులకు మించి నిలవ ఉంచొద్దని, మిగిలింది పారబోయాలని కూడా చెప్పింది. ఫలానాది వేయొద్దని మాత్రం చెప్పలేదు. వేస్తారని ఆమెకు తోచలేదు.

హాస్టలుకు పోయిన బీరువాలు దసరా దాటగానే తిరిగొచ్చాయి. ట్రాలీ ఆటోలోంచి దింపుతుంటే వీధి వీధంతా చూసింది. తలుపుల మీద రంగు బొబ్బలెక్కి ఉంది. గోటితో గిల్లితే పొక్కులా లేచి, కింద ఎర్రటి తుప్పు రాలింది.

"మంచిగున్నది ఎమ్మెస్సీ," అన్నాడు సారంగపాణి. ఆ ఒక్క మాటే అన్నాడు. పనివాళ్లందరి ముందు అన్నాడు.

రమాకాంత్ నేల చూశాడు. యాదగిరి తన రంగులో తేడా లేదని, అదే డబ్బా, అదే బ్రష్షు అని ఒట్టు పెట్టాడు. "రంగు గురించి ఎవలన్నర్రా? కింద ఏం పెట్టిన్రో దాని గురించి మాట్లాడుతాన," అని సారంగపాణి అతన్ని ఊరుకోబెట్టాడు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక షెడ్డులో సుభాషిణి ఒక్కతే ఒక్కో తలుపు చూసుకుంటూ పోయింది. తను తొర్రూరు వెళ్లిన వారానికి ముందు వారం బీరువాలు, తరువాత వారంవి గోడవారన ఉన్నాయి. వాటికి ఏమీ కాలేదు. చెడింది ఆ ఒక్క వారానివే. పగలని బొబ్బ ఒకటి సూదితో గుచ్చితే నీటి చుక్క ఊరింది. వేలికొసతో నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు. మూలన ఒక డ్రమ్ము బోర్లించి ఉంది. ఆ వారం ఇంటి నుంచి కషాయం పోసి తెచ్చి, కడక్కుండా వదిలేసినది. దాని అడుగున ఎండిన తెల్లటి అట్ట గీకి నోట్లో వేసుకుంది. అదీ ఉప్పే.

ఇనుముకు ఉప్పు ఎటువంటిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తంగేడు పట్టుకునే లోపు ఉప్పు పట్టుకుంటుంది. రంగు కిందికి చేరి, తేమను పిలిచి, లోపల్లోపలే తింటుంది.

ఇంటికి పోయేసరికి అత్తగారు పెరట్లో చింతకాయలు తొక్కుకు దంచుతోంది. పక్కన గంపలో దొడ్డుప్పు.

"అత్తమ్మా, నేను తొర్రూరు పోయినప్పుడు కషాయంల ఏమన్న కలిపిన్రా?"

"ఏం కలుపుత? ఏం కలపలే." రోకలి ఆగలేదు. "గంత ఆకు రెండు దినాలకే పారబొయ్యాల్నంటె మనసొప్పలే. పాపం ఆ పిల్ల అంత దూరంకెళ్లి మోసుకొస్తది. బూజు పట్టకుండ డ్రమ్ముకు ఇన్ని ఉప్పురాళ్లు ఏసిన. తొక్కుకు వెయ్యమా? వారం దినాలు ఎంత మంచిగున్నదో, వాసనన్న రాలే."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో మెచ్చుకోలు కోసం చిన్న ఎదురుచూపు ఉంది. సుభాషిణి అది చూసింది. వెనుదిరిగి లోపలికి వచ్చేసింది.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ భర్తకు చెప్పింది. అతను పిట్టగోడ పట్టుకుని వీధి వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఈ ముచ్చట అన్నకు చెప్తవా?"

"చెప్పొద్దా?"

"అమ్మ అదే పనిగ ఏడుస్తది సుభా. ఈ వయసుల... అన్నకు కోపమొస్తె నోరు మంచిది కాదు. ఆకుదే తప్పనుకుంటె ఆకుకు ఏమన్న నొస్తదా?"

"ఆకుకు నొయ్యదు. మీ చేతులకు నొస్తది. మళ్ల ఎర్రమందు తెస్తరు."

"తేనీ. ఇన్నేండ్లు తట్టుకోలేదా?"

ఆమె అతని చేతి వైపు చూసింది. పూడిన గుంటల చోట చర్మం లేత గులాబీ రంగులో, పసిపిల్లల చర్మంలా ఉంది. తను ఒక వానాకాలమంతా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నది ఈ రెండు చేతుల కోసం. ఆ చేతుల మనిషే వాటిని తేరగా ఇచ్చేస్తున్నాడు. అన్న నోటికి జడిసి ఇచ్చేస్తున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. తీసిన బట్టలను మడతలు సరిగ్గా కలిసేలా, అంచుకు అంచు పెట్టి మడిచింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములు, తల్లి కింద పీటల మీద కూర్చున్నారు. కోడళ్లిద్దరూ వడ్డిస్తున్నారు. పప్పు, దొండకాయ కూర, కొత్త చింతకాయ తొక్కు.

"హాస్టలోళ్లకు కొత్తయి చేసి ఇస్తనని ఒప్పుకున్న," అన్నాడు సారంగపాణి. "ఇగ ఆకులు, కషాయాలు బంద్. మందు డబ్బాలు చెప్పిన."

"తప్పు ఆకుది కాదు బావా," అంది సుభాషిణి. గరిటె గిన్నెలో పెట్టి నిలబడింది. రమాకాంత్ తలెత్తి, వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ఆమె అతని వైపు చూడలేదు. "నేను లేని వారం కషాయంల ఉప్పు పడ్డది. నిలవ ఉండాల్నని ఏసిన్రు. ఉప్పు పడ్డయే చెడ్డయి. ముందటియి, ఎనకటియి షెడ్డుల ఉన్నయి, పొయ్యి చూడండి. ఒక్కదానికి బొబ్బ లేదు."

అత్తగారి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"ఉప్పా? నేనేసిన ఉప్పుతోనా?" కొడుకులిద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "నేను చెడగొట్టాల్నని ఏసిన్నా బిడ్డా? నాతోని అప్పుడే ఎందుకనలే? పెరట్ల అడిగినవ్, నోరు మూసుకొని పోయినవ్. ఇప్పుడు నలుగుర్ల పెట్టి అంటవా?"

"అత్తమ్మా, చెడగొట్టిన్రని నేనంటలే..."

"ఇంకెట్లంటరు?" అంది శోభారాణి, ముసలావిడ పళ్లెంలో నెయ్యి వేస్తూ. "తినేటప్పుడా చెప్పుడు? పెద్దమనిషి ముద్ద మింగుతలేదు సూడు."

సారంగపాణి మాత్రం కోపగించలేదు. కోపగించుకున్నా బాగుండేదని సుభాషిణికి తరువాత అనిపించింది. అతను తాపీగా తొక్కు కలుపుకున్నాడు.

"సరే. ఉప్పుదే తప్పనుకో. ఇయ్యాల ఉప్పు. రేపు ఇంకొకలు బెల్లమేస్తరు. పొయ్యి మీద కాచేదానికి భరోసా ఏంది మరదలా? మందైతె డబ్బాల వస్తది. మూత తీసుడు, పోసుడు. అమ్మకు పనిలేదు, నీకు పనిలేదు."

"మరి ఈయన చేతులు?"

"అరె, నేను సోంచాయించకుండ ఉంటనా? వాడు నా తమ్ముడు కాదా?" సారంగపాణి ముఖం వెలిగింది. చాలా సేపటి నుంచి చేతిలో పట్టుకున్న మిఠాయి పొట్లం విప్పినట్టు అన్నాడు. "రేపటి సంది రమాకాంత్ తొట్టికాడికి పోడు. దుకాణంల నా పక్కన కూసుంటడు. తొట్టికాడ యాదగిరిని పెడుతాన. రంగు కొట్టేటోళ్లు ఎవలన్న దొరుకుతరు. వానితోని మాట్లాడిన, సంబరంగ ఒప్పుకున్నడు."

"మంచి పని చేసినవ్ కొడుకా," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. శోభారాణి కూడా తలూపింది. రమాకాంత్ భుజాలు, బరువు దింపుకున్న కూలీ భుజాల్లా కిందికి జారాయి.

సుభాషిణికి ఆ మాట వినగానే మొదట కలిగింది ఊరట. దాన్ని ఆమె ఆపుకోలేకపోయింది. ఈ చేతులకు మళ్లీ గుంటలు పడవు, అదే ముందు తోచింది. ఆ తరువాతే యాదగిరి చేతులు గుర్తుకొచ్చాయి. బస్సు పైనుంచి తంగేడు సంచులు దింపుకుంటూ నవ్వే కట్టమ్మ గుర్తుకొచ్చింది. కోరుకున్నది చేతికొచ్చింది. అది ఇంత చేదుగా ఉంటుందని, ముందు సంతోషపడి ఆ తరువాత తెలుసుకోవలసి రావడం ఆమె భరించలేకపోయింది.

"యాదగిరికి ఆ మందు ఏం చేస్తదో చెప్పిన్రా బావా?"

"చెప్పేదేమున్నది? ఇన్నేండ్ల సంది షెడ్డుల ఉన్నోడే. చూస్తలేడా?"

"చూసుడు వేరు. వాసన పీల్చినా లోపలికి పోతదని, పుండు పడ్డంక తొందరగ మానదని, ఆ నీళ్లు నాలాల కలుస్తయని ఆయనకు ఎవలు చెప్పిన్రు?"

"నీకెందుకు సుభా అవన్ని?" అన్నాడు రమాకాంత్ మెల్లగా. ఆ భోజనంలో అతను మాట్లాడిన మొదటి మాట అది. "నా చేతులు బాగుండాల్ననే గద నువ్వు..."

"అవును. గందుకే."

ఆమె మజ్జిగ గిన్నె తీసుకుని అత్తగారి పళ్లెంలో, తరువాత బావ పళ్లెంలో, తరువాత భర్త పళ్లెంలో పోసింది. చుక్క కింద పడలేదు.

"రేపు పొద్దుగాల నేను షెడ్డుకు వస్త బావా. యాదగిరిని, కట్టమ్మను ఇద్దరిని కూసోబెట్టి చెప్త. ఈయన చేతులు కూడ చూపిస్త."

సారంగపాణి ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "చెప్తె మానేస్తడనుకుంటున్నవా? ఇంటికాడ తినేటోళ్లు ఉన్నరు వానికి. నువ్వు చెప్పినా వాడు తొట్టిల చెయ్యి పెడ్తడు."

"పెట్టొచ్చు," అంది సుభాషిణి. "నేనైతె చెప్త."